మీ పిల్లే అనుకోండి

టౌరంగాలో తెలుగు నర్సులు బాగానే ఉన్నారు. వాళ్ళలో ఎవరికి కొత్త ఉద్యోగం వచ్చినా, సంతకం పెట్టేముందు కాంట్రాక్టు కాగితాలు పట్టుకుని శిరోమణి ఇంటికి రావడం ఆనవాయితీ. రానివాళ్ళకి ఆవిడే ఫోన్ చేస్తుంది. "ఏమ్మా, చదవకుండానే సంతకం పెట్టేశావంట? అంత తొందరేం వచ్చింది, బండి వెళ్ళిపోతందా?" అని నిలదీస్తుంది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహా చెప్పడం కొందరికి జబ్బు. శిరోమణికి మాత్రం అది హక్కు. ఆ హక్కు ఊరికే రాలేదు.

బాపట్ల దగ్గర మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ నేర్చుకుని, పెళ్ళయ్యాక న్యూజిలాండ్ వచ్చి, ఇక్కడి పరీక్షలన్నీ గట్టెక్కి, ముసలివాళ్ళని చూసుకునే రెస్ట్ హోమ్‌లో మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు ఆవిడ కూడా చదవకుండానే సంతకం పెట్టింది. అందులో "అవసరాన్ని బట్టి అదనపు షిఫ్టులు" అని ఒక ముక్క ఉంది. అవసరమంటే తన అవసరం అనుకుంది పిచ్చితల్లి. వాళ్ళ అవసరమని తెలిసేసరికి ఆ ఏడాది ఆదివారాలన్నీ డ్యూటీలోనే గడిచిపోయాయి, చర్చి గడప తొక్కింది లేదు. అప్పట్నుంచి ఏ కాగితం చేతికొచ్చినా ఆవిడ ముందు వెతికేది ఒక్కటే. ఈ మాట ఎవరి పక్షాన ఉంది? ఇప్పుడు అదే హోమ్‌లో నర్సులందరికీ ఆవిడే పెద్ద. మేనేజర్ కొత్త డ్యూటీ రోస్టర్ వేస్తే ముందు శిరోమణి ముఖంలోకి చూస్తాడు.

అలాంటి మనిషి కూతురికి ఫుట్‌బాల్ కాంట్రాక్టు వచ్చింది. ఇక చెప్పేదేముంది!

కూతురు షీనా టౌరంగాలోనే పుట్టింది. ఈమధ్యే పద్దెనిమిది నిండాయి. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ మాట్లాడటం మాత్రం అవసరం పడితేనే. తండ్రి పొడుగు, తల్లి మొండితనం కలిసొచ్చిన పిల్ల. గోల్ కీపర్. చిన్నప్పుడు చర్చి బయట పిల్లలు చెప్పులు విసురుకుంటుంటే వాటిని కూడా గాల్లోనే పట్టేసేదని సంఘంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వెల్లింగ్టన్‌లోని రోవర్స్ క్లబ్బు వాళ్ళు రెండు సీజన్లుగా ఈ పిల్ల ఆట చూసి, తమ ఆడపిల్లల జట్టులోకి రమ్మని కబురు పంపారు. ఆస్ట్రేలియా జట్లతో ఆడే పెద్ద లీగు అది.

ఈ వార్త విని అందరికన్నా ఎక్కువ కంగారు పడింది లాజరస్. శిరోమణి భర్త. పోర్టులో కంటైనర్లు ఎత్తే బండి నడుపుతాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ.

"ఇంతకీ వేలం ఎప్పుడంట?" అన్నాడు అన్నం ముందు కూర్చుని.

"వేలం ఏంటి డాడీ?"

"అదేనమ్మా, క్రికెట్లో పాడతారుగా. సుత్తి పెట్టి కొడతారు."

"అది క్రికెట్. ఇక్కడ ఆక్షన్ లేదు."

"మరి డ్రాఫ్టా? మా పోర్టులో సైమన్ అమెరికా ఫుట్‌బాల్ చూస్తంటాడు. అందులో పేర్లు పిలుస్తారంట."

షీనా నవ్వి, సగం ఇంగ్లీషులో సగం తెలుగులో విడమరిచి చెప్పింది. అమెరికా ఫుట్‌బాల్లో కొత్తగా వచ్చే కుర్రాళ్ళని జట్లు వరసగా పంచుకుంటాయి. పోయినేడు అట్టడుగున ఉన్న జట్టుకి మొదటి ఎంపిక. బలం లేనివాళ్ళకి ముందు వడ్డిస్తే పోటీ సమంగా ఉంటుందని వాళ్ళ లెక్క. ఏ జట్టు పేరు పిలిస్తే ఆ కుర్రాడు ఆ ఊరు వెళ్ళాల్సిందే. ఎన్నో పేరుగా పిలిచారన్నదాన్ని బట్టే జీతం. మొదటి కొన్నేళ్ళూ వేరే జట్టు గుమ్మం తొక్కడానికి లేదు.

శిరోమణి చేతిలో గరిటె ఆగిపోయింది. "పిల్లోడి ఇష్టం అడగరా?"

"అడగరు."

"అదేం అన్యాయం? ఎడ్లసంత అనుకున్నారా? పేరు పిలిచి నా కూతుర్ని పట్టుకుపోతామంటే చూస్తా ఊరుకుంటానా!"

"ఇక్కడ డ్రాఫ్ట్ లేదులే అమ్మా. క్లబ్బు అడుగుతుంది, నేను యస్ ఆర్ నో చెప్తా. అంతే."

"అట్టా ఉండాలి," అంది శిరోమణి తీర్పు చెప్పినట్టు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆవిడ గుర్తుపెట్టుకోలేదు.

కాంట్రాక్టు కాగితాలు రాగానే ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంది. ఆటగాళ్ళ యూనియన్‌కి ఫోన్ చేసి, అక్కడి సలహాదారు చేత ఒక్కో ముక్కా చెప్పించుకుంది. జట్టు మొత్తం జీతాల మీద ఒక హద్దు ఉంటుంది, దాన్ని దాటి ఏ క్లబ్బూ ఇవ్వకూడదు. ఒకటే గిన్నెడు పప్పన్నమాట. ముందు కూర్చున్న పేరున్న ఆటగత్తెలకి గరిటె నిండుగా పడితే, చివర కూర్చున్న కొత్తపిల్లలకి అడుగున మిగిలిందే. అందుకని ఇంతకన్నా తక్కువ ఇవ్వకూడదని ఇంకో హద్దు కింద కూడా పెట్టారు. షీనాకి రాసింది ఆ కింద హద్దే. శిరోమణి దానికి ముఖం చిట్లించలేదు. కొత్త నర్సుకి పెద్ద నర్సు జీతం ఎవరిస్తారు?

ముల్లు ఇంకోచోట ఉంది. కాంట్రాక్టు రెండేళ్ళు. మూడో ఏడు "క్లబ్ ఆప్షన్" అని రాశారు. అంటే రెండేళ్ళయ్యాక క్లబ్బుకి కావాలనిపిస్తే షీనాని ఇంకో ఏడు ఉంచుకోవచ్చు, వద్దనుకుంటే పంపేయొచ్చు. షీనాకి వెళ్ళాలనిపిస్తే మాత్రం వెళ్ళడానికి లేదు. ఇష్టమంతా ఒకళ్ళదే.

మిగతా ఆటగత్తెలకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. గోల్ కీపర్‌కి ప్రాణసంకటం. జట్టులో పదకొండు మంది ఆడితే కీపర్ ఒక్కతే. రోవర్స్‌కి అప్పటికే అనుభవమున్న కీపర్ ఉంది. ఆవిడకి దెబ్బ తగిలితేనో జ్వరమొస్తేనో తప్ప షీనా బెంచీ దిగదు. రెండేళ్ళు కూర్చోడానికి షీనా సిద్ధమే. మూడో ఏడు కూడా కూర్చోబెడితే ఆ వయసులో నేర్చుకోవాల్సిన ఆట మూలన పడి తుప్పు పడుతుంది. "ఆ లైను మారితేనే సైన్ చేస్తా అమ్మా," అని తేల్చి చెప్పింది.

"మారకపోతే?"

"చేయను."

ఆ మాట విని శిరోమణికి గర్వంగానే అనిపించింది. నా పిల్లే, అనుకుంది.

ఆ వారాంతంలో రోవర్స్ మేనేజర్ హేలీ టౌరంగా వచ్చింది. శనివారం షీనా ఆట చూసి, ఆదివారం సాయంత్రం విమానానికి తిరిగి వెళ్ళిపోవాలి. మధ్యాహ్నం తమ ఇంట్లో భోజనం చేసి వెళ్ళాల్సిందేనని శిరోమణి పట్టుబట్టింది. షీనాకి ఆ రోజు రొటొరువాలో ఇంకో మ్యాచ్ ఉంది. బూట్ల సంచీ భుజాన వేసుకుంటూ, "లైను సంగతి తేలేదాకా యస్ అనకు అమ్మా, ప్లీజ్," అంది.

"నాకు చెప్తన్నావా నువ్వు!" అంది శిరోమణి. టౌరంగా నర్సులందరి కాంట్రాక్టులూ ఆ గొంతులో ఉన్నాయి.

నిజం చెప్పొద్దూ, భోజనాల దగ్గర ఆవిడ దంచేసింది. అడగందే అమ్మైనా పెట్టదని తెలిసిన మనిషి. కోడికూర వడ్డిస్తూనే మూడో ఏడు సంగతి ఎత్తింది. ఇష్టం ఒక్కళ్ళదే ఎందుకుండాలి, ఇద్దరికీ ఉండాలి, లేదా ఎవరికీ వద్దు అంది. హేలీ నిజాయితీగల మనిషి. "బోర్డుని అడుగుతాను. మాట మాత్రం ఇవ్వలేను," అంది. ఇద్దరూ ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడ్డారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. అదీ గుమ్మం దగ్గరే జారుతుంది. మనవాళ్ళకి లోపల మాట్లాడింది చాలదు, చెప్పులేసుకున్నాక ఇంకో విడత ఉండాలి. శిరోమణి హేలీ చేతిలో గోంగూర పచ్చడి సీసా పెట్టింది. "నాకూ ఇంట్లో ఒక కూతురుంది. పిల్లని వేరే ఊరు పంపడం ఎంత కష్టమో నాకు తెలుసు. షీనాని మేం బాగా చూసుకుంటాం," అంది హేలీ. ఆ మాటకి శిరోమణి గుండె వెన్నలా కరిగిపోయింది. కాంట్రాక్టులు చదివే మనిషి ఎటుపోయిందో, బాపట్ల మనిషి బయటికొచ్చింది. హేలీ రెండు చేతులూ పట్టుకుని, తెలుగులో తలచుకున్నది ఇంగ్లీషులో అనేసింది.

"ఇంక షీనా మీ పిల్లే అనుకోండి. మీ చేతుల్లో పెట్టేశాం. ఎట్టా చూసుకుంటారో మీ ఇష్టం."

"యస్, యస్, యువర్ గర్ల్ ఓన్లీ," అని లాజరస్ కూడా వెనకనుంచి తాళం వేశాడు.

ఈ మాట మనం ఎవరితో అనం? హాస్టల్ వార్డెన్‌తో అంటాం, ట్యూషన్ మాస్టారితో అంటాం, రైల్లో పక్కసీటావిడతో కూడా అంటాం. అంతమాత్రాన ఏ వార్డెనూ పిల్లని సొంతం చేసుకోలేదు. కానీ హేలీ పుట్టింది బాపట్లలో కాదు కదా. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. లైను మీద పేచీ కూడా తల్లి వదిలేసుకుందని అర్థం చేసుకుని, శిరోమణిని గట్టిగా వాటేసుకుని వెళ్ళింది. చూశావా ఎంత మంచి మనిషో అని మొగుడూ పెళ్ళాలిద్దరూ మురిసిపోయారు.

మర్నాడు రోవర్స్ ఆన్‌లైన్ పేజీలో షీనా ఫోటో వచ్చింది. టౌరంగా యువ కీపర్ తమతో ఒప్పందానికి అంగీకరించిందని, కుటుంబం ఆనందంగా ఆశీర్వదించిందని రాశారు. షీనా ఫోన్‌కి అభినందనలు వచ్చిపడుతున్నాయి. శిరోమణి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పిల్ల వంటింట్లో నిలబడి ఉంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేది.

"యస్ అన్నావా అమ్మా?"

"నేనెప్పుడన్నానే? ఒట్టు, అన్లేదు."

"హేలీకి ఫోన్ చేశా. మీ చేతుల్లో పెట్టేశాం, మీ ఇష్టం అన్నావంట."

శిరోమణి నాలుక కరుచుకుంది. "అది మర్యాదకి అంటామే! మనవాళ్ళందరూ అంటారు."

"మూడో ఇయర్ క్లబ్బు ఇష్టమని వాళ్ళు రాశారు. నువ్వు అన్నీ వాళ్ళ ఇష్టమే అన్నావ్." షీనా గొంతు పెంచలేదు, ఇంగ్లీషులోకి కూడా మారలేదు. ఒక్కో తెలుగు మాటా వెతుక్కుని మరీ అంది. "పేరు పిలిచి పట్టుకుపోతే ఊరుకోనన్నావ్ కదా. ఎవరూ పిలవకుండానే ఇచ్చేశావ్. నన్ను డ్రాఫ్ట్ చేసింది నువ్వే అమ్మా."



ఆ మాట శిరోమణికి తగలాల్సిన చోటే తగిలింది. కోపం వచ్చింది, సిగ్గేసింది. కన్నపిల్లని నా పిల్ల అనుకోవడం కూడా తప్పేనా అని ఉక్రోషం కూడా వచ్చింది. చపాతీ పిండి తీసి అవసరానికి రెండింతలు పిసికింది. పిసికీ పిసికీ చివరికి, పిల్ల అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదని ఒప్పుకుంది. ఇవ్వడానికి షీనా తన చేతిలోని పచ్చడి సీసా కాదు.

యూనియన్ సలహాదారు ఫోన్లో ధైర్యమే చెప్పాడు. పిల్ల మేజర్, తల్లి నోటిమాట ఎవరినీ కట్టేయదు. కానీ ఇంకో మాట కూడా అన్నాడు. జట్టు పేర్లు లీగుకి పంపాల్సిన గడువు దగ్గరపడింది. ఊరంతా చాటుకున్నాక పిల్ల కాదంటోందంటే, క్లబ్బుకి తల కొట్టేసినట్టుంటుంది. లైను మార్చే బదులు ఇంకో కీపర్‌ని చూసుకోవచ్చు. అంటే పంతం పడితే చోటు పోయినా పోవచ్చు, తగ్గితే మూడేళ్ళు కట్టుబడాలి. మింగలేరు, కక్కలేరు.

"వెల్లింగ్టన్ పోదాం," అంది శిరోమణి. "నేను చేసిన గందరగోళం నేనే సరిచేస్తా."

"నువ్వు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకో. మిగతాది నేను మాట్లాడతా," అంది షీనా.

శిరోమణి రోస్టర్‌లో సెలవు రాయించుకుంది. పొద్దున్నే బయల్దేరి, టౌపో దాటి, వంతులవారీగా కారు నడుపుకుంటూ సాయంత్రానికి వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లో, తెలిసినావిడ అనంతలక్ష్మి ఆంటీ ఇంటికి చేరారు. షీనా వెల్లింగ్టన్ వస్తే ఉండబోయేది ఆవిడ ఇంట్లోనే. కాకినాడ మనిషి. "మీ పిల్ల సంగతి నాకొదిలేయండి, మా పిల్లలాగే చూసుకుంటాను," అని ఆవిడ అనగానే తల్లీకూతుళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. షీనాకి నవ్వాగలేదు. రెండ్రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

మర్నాడు క్లబ్బు ఆఫీసులో హేలీ ముఖం కాస్త బిగుసుకునే ఉంది. శిరోమణి కుర్చీ లాక్కుని సూటిగా మొదలుపెట్టింది. ఇంగ్లీషు బాపట్లదే అయినా బెరుకు లేదు.

"హేలీ, ఈ దేశానికి వచ్చిన కొత్తలో మీవాళ్ళు 'యా, నా' అంటే నేను యా అనుకునేదాన్ని. సాయంత్రం షిఫ్టుకి వస్తావా అంటే 'యా, నా' అనేవాళ్ళు. వస్తారని కూర్చునేదాన్ని. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. అది కాదనడమని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. మావాళ్ళు మీ పిల్లే అనుకోండి అంటే కూడా అలాంటిదే. ప్రేమతో అంటాం. ఒప్పుకున్నామని కాదు. అయినా అది అనాల్సింది నేను కాదు. షీనా ఇంకా ఏమీ చెప్పలేదు. తప్పు నాది."

 హేలీ పెద్దగా నవ్వేసింది. "షీనాని ఒక్క మాట అడగకుండా ఫోటో పెట్టడం నా తప్పు," అంది. సంగతి తేలేదాకా ఆ పోస్టు తీసేయమని అక్కడికక్కడే చెప్పింది. తర్వాత కుర్చీ షీనా వైపు తిప్పింది. "చెప్పు. నీకేం కావాలి?"

షీనా చెప్పింది. తడబడలేదు, బతిమాలలేదు. రెండేళ్ళు బెంచీ మీద కూర్చోడానికి అభ్యంతరం లేదని, మూడో ఏడు మాత్రం ఇద్దరి ఇష్టం మీదే ఉండాలని చెప్పింది. వింటున్న శిరోమణికి పక్కన కూర్చున్నది తన కూతురా, ఎవరో పెద్దమనిషా అనిపించింది. నాలుగుసార్లు నోరు తెరవబోయి నాలుగుసార్లూ మూసుకుంది. శిరోమణిని ఎరిగినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు.

హేలీ బయటికి వెళ్ళి బోర్డు వాళ్ళతో మాట్లాడి వచ్చింది. "ఇద్దరి ఇష్టం కుదరదన్నారు. కొత్త కీపర్‌ని రెండేళ్ళు తయారుచేసి, వేరే క్లబ్బుకి అప్పనంగా ఇచ్చేయలేమంటున్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయముంది. కానీ ఇంకో దారి చెప్పారు. ఒక్క ఏడాదికే కాంట్రాక్టు, అంతవరకైతే మాకు నష్టం తక్కువ. ఆప్షన్ లేదు. సీజన్ అయ్యాక మీకూ స్వేచ్ఛే, మాకూ స్వేచ్ఛే. పాతదే కావాలంటే అదీ ఉంది. మీ ఇష్టం."

శిరోమణి గుండెలో రాయి పడింది. ఒక్క ఏడాదా? మోకాలికి దెబ్బ తగిలితే? ఏడాదంతా ఆడించకుండా చివర్లో పోయిరమ్మంటే? బతుకంతా పర్మనెంట్ అన్న మాట కోసం పాకులాడిన మనిషి ఆవిడ. చేతిలో ఉన్న రెండేళ్ళు వదిలి ఏడాది పట్టుకోవడం ఏ తల్లికి మింగుడుపడుతుంది? రెండేళ్ళది తీసుకోవే, నోరు మూసుకుని తీసుకో అని లోపల అరుస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడే హేలీ ఇటు తిరిగింది. "మీరేమంటారు?"

ఒక్క మాట చాలు. తను రెండేళ్ళంటే షీనా కాదనదు, కనీసం తటపటాయిస్తుంది. ఆ సంగతి శిరోమణికి తెలుసు. అటు చూస్తే షీనా బల్ల కింద వేళ్ళు నలుపుకుంటోంది.

"నన్ను అడక్కండి," అంది శిరోమణి. "ఆ అమ్మాయినే అడగండి."

షీనా తల్లి వంక చూసి, తర్వాత హేలీ వైపు తిరిగింది. "ఒక్క ఏడాది. నన్ను ఉంచుకోవాలో వద్దో మీకు తెలిసిపోతుంది. ఉండాలో వద్దో నాకూ తెలుస్తుంది."

కాగితాలు మార్చి రాయించి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. షీనా తన పేరు కింద సంతకం పెట్టింది. అలవాటుకొద్దీ శిరోమణి పెన్ను కోసం చెయ్యి చాచింది. స్కూలు ట్రిప్పులకి, పళ్ళ డాక్టరుకి, మొదటి టోర్నమెంటుకి, అన్నిటికీ తల్లి సంతకం పెట్టిన చెయ్యి అది. హేలీ ఇబ్బందిగా నవ్వింది. "తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదండీ. తను పెద్దదైపోయింది కదా."

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఏడుపొచ్చింది శిరోమణికి. ఇంత గర్వంగా ఉన్నప్పుడు ఏడుపెందుకొస్తుందో, వచ్చేసింది.

"సాక్షి సంతకం కావాలి కదా? మా అమ్మ పెడుతుంది," అంది షీనా. పెన్ను తల్లి చేతిలో పెట్టి, "నేను సంతకం పెట్టడం చూశావా అమ్మా?" అని తెలుగులో అడిగింది.

"చూశానే," అంది శిరోమణి. "కళ్ళారా చూశా."

సాక్షి అన్నచోట పేరు రాసింది. వృత్తి అన్నచోట నర్సు అని రాసింది. చిరునామా రాసింది. షీనాకి ఏమవుతావని ఆ కాగితం అడగలేదు. ఆవిడా రాయలేదు. పెన్ను మూతపెట్టి కూతురికి తిరిగి ఇచ్చేసింది.